మా చేపల తొట్టె లైటుకి కొత్త చోక్

సోమవారం సాయంత్రం ఐదింటికి కాలేజీ నుంచి వచ్చేసరికి తొట్టెలో లిమ్నోఫిలా ఇంకా ముడుచుకునే ఉంది. ఈ మొక్క పెంచినవాళ్ళకి నేను చెప్పేది వెంటనే అర్థమవుతుంది. వెలుతురు పడితే ఈకల్లాంటి ఆకుల్ని విప్పుకుంటుంది, రాత్రి లైటు ఆరే వేళకి కొసలన్నీ దగ్గరికి తీసుకుని సన్నగా అయిపోతుంది. మా తొట్టె లైటు టైమర్ మీద మధ్యాహ్నం ఒంటిగంటకి వెలిగి, రాత్రి తొమ్మిదింటికి ఆరుతుంది. అంటే ఐదింటికి ఆ కొమ్మలు పూర్తిగా విచ్చుకుని, ఆకుల అంచున ఆక్సిజన్ బుడగలు పట్టి ఉండాలి. చూస్తే అర్ధరాత్రి వాటం. నియాన్ టెట్రా చేపల ఒంటి మీది నీలం గీత కూడా రాత్రిపూట వెలిసిపోయినట్టే పాలిపోయి ఉంది. టైమర్ మాత్రం తిరుగుతూనే ఉంది.

స్విచ్ ఆఫ్ చేసి మళ్ళీ వేశాను. రెండు ట్యూబుల చివరలూ నారింజ రంగులో మిణుకుమన్నాయి, వెలిగాయి, నీటి మీద గాలి వీచినట్టు వెలుతురు వణికింది, పది సెకన్లలో రెండూ కలిసి ఆరిపోయాయి.

"ట్యూబులు పోయినట్టున్నాయి. కొత్తవి వేసేయ్, సరిపోతుంది" అన్నారు మా ఆయన. నేనూ అలాగే అనుకున్నాను. మొక్కల కోసం ఏటా ట్యూబులు మారుస్తాను, ఇవి వేసి పదకొండు నెలలైంది. అటక మీద దాచినవాటిలో ఒక జత దింపి వేశాను. అదే వణుకు, అవే పది సెకన్లు, అదే చీకటి.

తీసిన పాత ట్యూబుల్ని పారేయకుండా మల్టీమీటర్ పెట్టి చూశాను. ట్యూబుకి ఒక్కో చివర రెండు పిన్నులుంటాయి, ఆ రెంటి మధ్య సన్నని ఫిలమెంట్ ఉంటుంది. అది బాగుంటే మీటర్ కొద్ది ఓమ్‌లే చూపిస్తుంది, తెగితే ఏమీ చూపించదు. నాలుగు చివరలూ బాగానే ఉన్నాయి. నల్లబడటం కూడా మామూలుగానే ఉంది. ఫిలమెంట్ బాగున్నంత మాత్రాన ట్యూబు వెలుగుతుందన్న భరోసా లేదు, దాని మీది పూత అరిగిపోతే ఫిలమెంట్ ఉండీ లాభం లేదు. అందుకే మంచిదని తెలిసిన ట్యూబు వేసి చూడటమే అసలు పరీక్ష. ఇంకో సంగతి కూడా గుర్తుంచుకోవాలి. ఒక ట్యూబు పాడైతే రెండింటినీ ఆపేసే ఎలక్ట్రానిక్ చోకులు చాలా ఉన్నాయి. రెండూ కలిసి ఆరాయి కాబట్టి చోకే పోయిందని అప్పటికప్పుడు తేల్చేయకూడదు. కొత్త జత వేసినా మార్పు లేదు కనుకే అనుమానం చోక్ మీదికి వెళ్ళింది.

నేను పనిచేసేది ఒక డిగ్రీ కాలేజీ ఫిజిక్స్ ల్యాబ్‌లో. ట్యూబ్‌లైట్ సర్క్యూట్ పిల్లలకి ఎన్నిసార్లు కట్టి చూపించానో లెక్కలేదు. అయినా ఇంట్లో రోజూ చూసే లైటు పాడైతే చేయి ముందు ట్యూబు మీదికే పోయింది. వెలిగేది అదే కదా, కంటికి కనిపించేది అదే. చోక్ మూత వెనకాల ఉండి ఎనిమిదేళ్ళు తన పని తాను చేసుకుపోయింది.

దాని పని గురించి కొంచెం చెప్పాలి. ట్యూబులో ఆర్గాన్ వాయువు, కాస్తంత పాదరసం ఆవిరి ఉంటాయి. అందులోంచి కరెంటు ఒకసారి పారడం మొదలైతే ఆ వాయువు ఇంకా సులువుగా కరెంటుకి దారి ఇస్తుంది. దారి సులువైతే కరెంటు పెరుగుతుంది, పెరిగితే దారి ఇంకా సులువవుతుంది. బల్బు ఫిలమెంట్ అలా కాదు, వేడెక్కేకొద్దీ కరెంటుని అడ్డుకుంటుంది, తనని తానే కాచుకుంటుంది. ట్యూబుకి ఆ గుణం లేదు. దాన్ని నేరుగా 230 వోల్టులకి తగిలిస్తే, వెలిగిన మరుక్షణం కరెంటు అదుపు తప్పి అది నాశనమైపోతుంది. వాలులో దిగే బండికి బ్రేకు ఎలాగో ట్యూబుకి చోక్ అలాగ. అయితే వెలిగించడానికి మొదట ఒక తోపు కూడా కావాలి. ఆ తోపూ చోకే ఇస్తుంది, ఆ తర్వాత పట్టి ఉంచేదీ అదే.

పాతకాలం చోక్ అంటే ఇనుప రేకుల దిండు మీద రాగి తీగ చుట్ట. బరువుగా ఉంటుంది, గుయ్యిమంటుంది, పక్కన స్టార్టర్ కావాలి. 50 హెర్ట్జ్ కరెంటు మీద ట్యూబు సెకనుకి వందసార్లు మసకబారి మళ్ళీ వెలుగుతుంది. ఇప్పటి ఎలక్ట్రానిక్ చోక్, దిక్కు మారుతూ పారే ఏసీ కరెంటుని ముందు ఒకే దిక్కున పారే డీసీ చేసి, ఆ డీసీని మళ్ళీ సెకనుకి ఇరవై వేలసార్లకి పైగా అటూ ఇటూ తిప్పి ట్యూబుకి ఇస్తుంది. ఆ వేగం మన చెవికి అందదు, కంటికి వణుకూ తెలియదు. ట్యూబు కూడా ఆ వేగంలో అంతే కరెంటుకి కొంచెం ఎక్కువ వెలుతురిస్తుంది. వచ్చిన చిక్కల్లా డీసీని నిలవ చేసే ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్‌తోనే. దాని లోపల తడి ఉంటుంది. వేడికి ఆ తడి ఏళ్ళ తరబడి మెల్లగా ఇంకిపోతుంది. పది డిగ్రీల వేడి పెరిగితే దాని ఆయుష్షు సుమారు సగమవుతుందని ఎలక్ట్రానిక్స్ వాళ్ళంతా చెప్పే లెక్క. అది ఇంకిపోయాక డీసీలో హెచ్చుతగ్గులు మొదలవుతాయి, వెలుతురు వణుకుతుంది. సోమవారం నేను చూసిన వణుకు అదేనని ఇప్పుడు నమ్ముతున్నాను.

శనివారం దాకా ఆగాల్సి వచ్చింది. ఆ నాలుగైదు రోజులూ చేపల గురించి నాకు బెంగ లేదు. చేపలకి గదిలోకి వచ్చే పగటి వెలుతురు చాలు. ఫిల్టర్ వేరే ప్లగ్ మీద ఉంది, అది ఆగలేదు. మొక్కలు కొన్ని రోజులు ఓర్చుకుంటాయి. జావా ఫెర్న్, క్రిప్టోకోరిన్ అసలు పట్టించుకోలేదు. లిమ్నోఫిలా మాత్రం కింది ఆకులు రాల్చుకుంది. నేను చేసిందల్లా మొక్కలకి వేసే ఎరువు ఆపడం, మేత సగానికి తగ్గించడం. వెలుతురు లేనప్పుడు మొక్కలు తినవు, ఆ పోషకాలన్నీ తర్వాత నాచుకే పోతాయి.

శనివారం పొద్దున మా అబ్బాయి టార్చ్ పట్టుకుని సిద్ధంగా ఉన్నాడు. మొదట ప్లగ్ లాగేశాను. స్విచ్ ఆఫ్ చేయడం వేరు, ప్లగ్ లాగడం వేరు. ఎక్కడో ఎవరో ఫేజూ న్యూట్రలూ తారుమారు చేసి ఉంటే స్విచ్ ఆఫ్‌లో ఉన్నా వైరులో కరెంటు ఉంటుంది. నీళ్ళ పక్కన అలాంటి నమ్మకాలు పనికిరావు. తర్వాత హుడ్, అంటే లైట్లు బిగించిన తొట్టె మూత, మొత్తం ఎత్తి, వేరే గదిలో టేబుల్ మీద పెట్టాను. తొట్టె మీదే పెట్టి పనిచేస్తే ఒక ఇత్తడి స్క్రూ జారి నీళ్ళలో పడితే చాలు. ఇత్తడిలో రాగి ఉంటుంది, రొయ్యలకి రాగి విషం. మా తొట్టెలో చెర్రీ రొయ్యలు ఎన్నున్నాయో నాకే తెలియదు, ఎప్పుడూ పెరుగుతూనే ఉంటాయి.

"ప్లగ్ తీసేశాం కదమ్మా, ఇంకా ఎందుకు ఆగడం?" అన్నాడు వాడు. 230 వోల్టుల ఏసీని డీసీ చేస్తే కెపాసిటర్ మీద 325 వోల్టుల దాకా నిలుస్తుందని, కొన్ని రకాల చోకుల్లో 400 దాకా కూడా ఉంటుందని చెప్పాను. ప్లగ్ తీసినా అది కాసేపు అలాగే ఉండొచ్చు. పావుగంట ఆగి, చోక్ మూత విప్పాక కెపాసిటర్ కాళ్ళ మధ్య మీటర్ పెట్టి సున్నా చూసుకున్నాకే వేలు పెట్టాను. నిజానికి చోక్ మార్చడానికి దాని మూత విప్పనక్కర్లేదు. ఏమైందో నా కళ్ళతో చూడాలనిపించింది, అంతే.

చూసింది చెబుతాను. హుడ్ లోపలి రేకు మీద నీటి చుక్కలు ఎండిన తెల్లటి మచ్చలు, వేలితో గీస్తే పొడిగా రాలుతున్నాయి. చోక్ పట్టిన రెండు స్క్రూలూ తుప్పు పట్టి గోధుమ రంగు ముద్దల్లా ఉన్నాయి, ఒకటి తిప్పుతుంటే తల ఊడి వచ్చింది. ట్యూబు హోల్డర్ దగ్గర వైరు కొసకి ఆకుపచ్చటి చిలుము పట్టింది. తొక్క కాస్త వెనక్కి లాగితే లోపలికీ పాకిందని తెలిసింది, వేలెడంత మేర రాగి నల్లబడిపోయింది. చోక్ లోపల సర్క్యూట్ బోర్డు ఒక మూల గోధుమ రంగుకి తిరిగింది. మధ్యలో పెద్ద కెపాసిటర్. దాని నెత్తి చదునుగా ఉండాలి. ఇక్కడ పూరీలా కాదుగానీ, అరచేతిని కొంచెం గుంట చేసి బోర్లిస్తే ఎలా ఉంటుందో అలా ఉబ్బింది. అడుగున తేనె రంగు జిగురు మరక. మా అబ్బాయి వాసన చూసి "చేపల వాసనలా ఉందమ్మా" అన్నాడు. అది తొట్టె వాసన కాదు, కెపాసిటర్ లోపలి ద్రవానిది.

ఇదంతా చూశాక నాకు ఒకటి గట్టిగా అనిపించింది. ఈ చోక్ పాడవడం దాని తప్పు కాదు, పెట్టిన చోటు తప్పు. కింద 26 డిగ్రీల నీళ్ళు ఇరవైనాలుగు గంటలూ ఆవిరవుతుంటాయి. పైన మూత. పక్కన 108 వాట్ల ట్యూబులు. మధ్యలో, వేడీ తడీ రెండూ పడని వస్తువు. రోజూ ఎనిమిది గంటలు వేడెక్కడం, రాత్రి చల్లారినప్పుడు ఆ రేకు మీదే ఆవిరి చెమటలా పట్టడం. ఎనిమిదేళ్ళు నడిచిందంటే గొప్పే. అదే చోట కొత్తది బిగిస్తే మళ్ళీ అదే కథ. అందుకే ఈసారి చోక్‌ని హుడ్ నుంచి బయటికి తెచ్చేయాలని నిర్ణయించుకున్నాను.

కొత్త చోక్ కొనేటప్పుడు చూడాల్సింది పొడవు కాదు, వాట్లు. మా ట్యూబులు టీ5 రకం, 16 మిల్లీమీటర్ల లావు, 1149 మిల్లీమీటర్ల పొడవు, ఒక్కోటి 54 వాట్లు. సరిగ్గా ఇదే లావు, ఇదే పొడవు, ఇవే పిన్నులతో 28 వాట్ల ట్యూబు కూడా ఉంది. హోల్డర్లో చక్కగా కూర్చుంటుంది. కానీ 54 వాట్ల ట్యూబుకి 460 మిల్లీయాంపులు కావాలి, 28 వాట్లదానికి 170 చాలు. 28 వాట్ల చోక్ మీద 54 వాట్ల ట్యూబు వేస్తే సగం ఆకలితో వెలుగుతుంది, అటుదిటైతే 28 వాట్ల ట్యూబు తొందరగా మాడిపోతుంది. చోక్ మీద "2×54 వాట్, టీ5" అని స్పష్టంగా ఉందో లేదో చూసుకోవాలి. కౌంటర్ దగ్గర "నాలుగడుగుల టీ5" అని అడిగితే ఏది చేతిలో పెడతారో చెప్పలేం. అలాగే ఫిలమెంట్లని ముందు వేడి చేసి ఆ తర్వాత వెలిగించే రకాన్నే తీసుకున్నాను. వెలగడానికి ఒకటి రెండు సెకన్లు ఆలస్యం చేస్తుంది కానీ ట్యూబు చివరలు తొందరగా నల్లబడవు. రోజుకి ఒక్కసారే వెలిగించే లైటుకి ఆ ఆలస్యం ఎవరికీ అడ్డం కాదు.

అసలు తలనొప్పి దాన్ని ఎక్కడ పెట్టాలన్నదే. నా మొదటి ఆలోచన తొట్టె కింది బీరువాలో పెట్టాలని. పొడిగా ఉంటుంది, కంటికి కనబడదు. చోక్‌తో వచ్చిన కాగితం చదివాక ఆ ఆలోచన వదిలేశాను. చోక్ నుంచి ట్యూబుకి వెళ్ళే వైర్లలో వేలసార్లు అటూ ఇటూ తిరిగే కరెంటు పారుతుంది. ఆ వైర్లు పొడవైతే పక్క వైర్లలోకీ, ఎర్త్ రేకులోకీ కరెంటు కొంచెం కొంచెం జారిపోతుంది. ట్యూబు మసకబారుతుంది, మొదట వెలిగించే తోపు బలం తగ్గుతుంది, రెండు ట్యూబులూ సమానంగా వెలగవు. అందుకని కంపెనీ ఒక హద్దు పెడుతుంది. నేను తెచ్చినదానికి ఒక చివర వైర్లు మీటరు దాటకూడదు, రెండో చివరవి రెండు మీటర్లు దాటకూడదు. చోక్ మీది వైరింగ్ పటంలో ఆ మీటరు హద్దున్న వైర్లకి పక్కన గుర్తు ఉంటుంది, వాటిని హాట్ వైర్లంటారు. బీరువా దాకా కొలిస్తే దగ్గరి చివరకే మీటరున్నర దాటింది.

చివరికి తొట్టె వెనక గోడ మీద, నీటి మట్టానికి పైన, హుడ్ కుడి చివరకి దగ్గర్లో చిన్న ఇనుప పెట్టె బిగించాను. పెట్టెకి కిందా పైనా గాలి రంధ్రాలున్నాయి. కుడి చివర హోల్డర్లకి వైరు 45 సెంటీమీటర్లు వచ్చింది, హాట్ వైర్లు అటు పెట్టాను. ఎడమ చివరకి ట్యూబు పొడవు కూడా కలిపి సుమారు 160 సెంటీమీటర్లు, రెండు మీటర్ల హద్దున్నవి అటు పంపాను. ఏ చివరకి ఏవి వెళ్ళాలో ముందే కాగితం మీద గీసుకోకపోతే ఇది తారుమారయ్యేది. చోక్ లేబుల్ మీద యూ-అవుట్ అని ట్యూబు వైపు వచ్చే వోల్టేజీ ఉంటుంది. దానికి తట్టుకునే ఇన్సులేషన్ ఉన్న వైరే వాడాలి. మెయిన్ వైరునీ ట్యూబు వైర్లనీ ఒకే కట్టగా చుట్టకూడదు, వేర్వేరు దారుల్లో పంపాలి.

ఇక్కడ అందరూ మర్చిపోయే సంగతి ఒకటుంది. చోక్ హుడ్‌లో ఉన్నన్నాళ్ళూ ఎర్త్ వైరు చోక్ రేకుకీ, దాని స్క్రూల ద్వారా హుడ్‌లోని అల్యూమినియం రిఫ్లెక్టర్లకీ (వెలుతురుని కిందికి మళ్ళించే రేకులు) అందేది. చోక్‌ని బయటికి తీసిన క్షణాన రిఫ్లెక్టర్లకి ఎర్త్ తెగిపోయింది. నీళ్ళకి అరడుగు పైన ఎర్త్ లేని లోహం ఉండటమంటే నాకు ఊహకే టెన్షన్. పైగా ట్యూబుకి దగ్గరగా ఎర్త్ అయిన లోహం ఉంటేనే అది నమ్మకంగా వెలుగుతుంది. కాబట్టి పెట్టె నుంచి హుడ్‌కి విడిగా పచ్చ వైరు లాగి, రెండు రిఫ్లెక్టర్లకీ స్క్రూతో బిగించి, ప్లగ్ ఎర్త్ పిన్ను నుంచి రిఫ్లెక్టర్ దాకా మీటర్‌తో కలిసిందో లేదో చూశాను. ఈ ఒక్క పనికి పది నిమిషాలు పట్టింది. మిగతా పనంతా ఎలా చేసినా, ఇది మాత్రం ఎవరూ వదలొద్దని బతిమాలుకుంటున్నాను.

వైర్ల రంగుల గురించి. పాత చోక్ రంగులు చూసి కొత్తది కలపకూడదు. పాతదానిలో ఎరుపు వెళ్ళిన చోటికి కొత్తదానిలో ఎరుపే వెళ్ళాలని రూలేమీ లేదు. పాత వైర్లు మొత్తం తీసేసి, కొత్త చోక్ మీది పటం చూస్తూ మొదటి నుంచి కట్టాను. చిలుము పట్టిన వైరు మళ్ళీ వాడలేదు, చిలుము ఉన్న ఒక హోల్డర్ కూడా మార్చాను. మిగతా మూడింటికి రబ్బరు మూతలు బాగానే ఉన్నాయి. సాయంత్రం నాలుగయ్యేసరికి అన్నీ బిగించి, హుడ్ టేబుల్ మీదే పెట్టి, ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపేసే స్విచ్) ఉన్న బోర్డుకి ప్లగ్ పెట్టాను.

కుడివైపు రెండు చివరలూ వెచ్చగా మెరిశాయి. ఎడమవైపు ఒకటే మెరిసింది. ట్యూబులు ఒక్కసారి తళుక్కుమని ఆరిపోయాయి, మళ్ళీ ప్రయత్నించలేదు. ఇలాంటి చోక్ తేడా పసిగడితే ఆగిపోతుంది, ప్లగ్ తీసి మళ్ళీ పెట్టేదాకా కదలదు. అది మంచి లక్షణమే, ఆ క్షణంలో మాత్రం గుండె జారింది. కొత్తది కూడా పోయిందా అని.

ప్లగ్ తీసి, ఆగి, చోక్ టెర్మినల్స్‌లో ఒక్కో వైరునీ వేళ్ళతో మెల్లగా లాగుతూ పోయాను. ఐదోది చేతిలోకి వచ్చేసింది. దూరపు చివర వైరు కొంచెం తక్కువైతే ఒకచోట నా దగ్గరున్న పోగుల వైరు ముక్క వాడాను. చోక్ టెర్మినల్స్ తోసి బిగించే రకం, లోపలి స్ప్రింగు వైరుని కరిచి పట్టుకుంటుంది. ఒంటి తీగ వైరు అయితే నిటారుగా లోపలికి పోతుంది. పోగుల వైరు చీలిపోయి, నాలుగు పోగులు బయటే వంగిపోయి, లోపల సరిగ్గా కరుచుకోలేదు. ఆ ముక్క తీసేసి, మొత్తం పొడవుకీ ఒంటి తీగ వైరే వేశాను. కొసన తొక్క సరిగ్గా 9 మిల్లీమీటర్లు తీశాను, చోక్ మీద రాసి ఉన్నది అంతే. ఎక్కువ తీస్తే బయట రాగి కనబడుతుంది, తక్కువైతే స్ప్రింగుకి అందదు. ఈసారి ప్రతి వైరునీ బిగించిన వెంటనే లాగి చూశాను.

ప్లగ్ పెట్టాను. నాలుగు చివరలూ మెరిశాయి. సెకను, సెకనున్నర. రెండు ట్యూబులూ ఆ చివర నుంచి ఈ చివర దాకా ఒకేసారి తెల్లగా వెలిగాయి. చప్పుడు లేదు, వణుకు లేదు. మా అబ్బాయి ఏమీ అనకుండా టార్చ్ ఆపేశాడు.

హుడ్‌ని వెంటనే తొట్టె మీద పెట్టి వెలిగించలేదు. ఐదు రోజులు మసక వెలుతురులో ఉన్న చేపల మీద 108 వాట్లు ఒక్కసారిగా పడితే బెదిరి గాజుకి కొట్టుకుంటాయి. ముందు గదిలో దీపం వేసి, అరగంట తర్వాత ఒక ట్యూబు ఉన్న పక్కకి అట్ట అడ్డం పెట్టి వెలిగించి, ఇంకో అరగంటకి అట్ట తీశాను. టెట్రాలు మొక్కల వెనక గుంపుగా చేరి, కాసేపటికి ఒక్కోటీ ముందుకి వచ్చాయి. నీలం గీత మళ్ళీ ఎక్కడం అప్పుడే చూశాను. ముందు కంటి దగ్గర మొదలై, తోక దాకా మెల్లగా రంగు నిండింది. పక్కన కూర్చుని అంత సేపు చూడటం ఈ మధ్య ఎప్పుడూ కుదరలేదు.

మొదటి వారం లైటు ఆరు గంటలే పెట్టాను. ట్యూబులు కొత్తవి, చోక్ కొత్తది, వెలుతురు మునుపటికంటే ఎక్కువ, మొక్కలేమో నీరసంగా ఉన్నాయి. ఇలాంటప్పుడు లాభపడేది నాచే. రెండో వారం ఏడు, మూడో వారం ఎనిమిది.

హుడ్‌లో పాత చోక్ ఉన్న చోట స్క్రూ కన్నాలు మిగిలాయి. వాటిని మూయడానికి తొట్టె గాజులు అతికించే సిలికాన్ చేతికి దొరికింది కానీ వాడలేదు. పులుపు వాసన వచ్చే ఆ సిలికాన్ ఆరేటప్పుడు ఎసిటిక్ ఆమ్లం వదులుతుంది, అది రాగి వైర్లని తినేస్తుంది. రబ్బరు బిరడాలు పెట్టాను. పెట్టె నుంచి దిగే మెయిన్ వైరుని కూడా సాకెట్ కంటే కిందికి ఒక వంక తిప్పి మళ్ళీ పైకి తెచ్చాను. వైరు మీద నీటి చుక్క జారినా ఆ వంక దగ్గర కింద పడుతుంది, సాకెట్‌లోకి పోదు.

మా తమ్ముడు ఫోన్ చేసి "అక్కా, ఇంత కష్టం ఎందుకు, ఎల్ఈడీ పెట్టేస్తే పోయేదిగా" అన్నాడు. వాడి మాటలో నిజముంది. ఫ్లోరసెంట్ ట్యూబుల రోజులు అయిపోవచ్చాయి. యూరోపియన్ యూనియన్‌లో 2023 ఆగస్టు నుంచి టీ5, టీ8 ట్యూబుల్ని కొత్తగా మార్కెట్లోకి తేవడం ఆగింది. పాదరసం మీద ఉన్న మినమాటా ఒప్పందం దేశాలు కూడా అదే ఏడాది సమావేశంలో, ఈ ట్యూబుల తయారీకీ ఎగుమతి దిగుమతులకీ 2027 కల్లా ముగింపు పలకాలని తీర్మానించాయి. నా దగ్గర ఇంకా రెండు జతలున్నాయి, అవి అయ్యాక ఎల్ఈడీకే మారతాను. కానీ ఈ రిఫ్లెక్టర్లు బాగున్నాయి, మొక్కలు ఎనిమిదేళ్ళుగా ఈ వెలుతురుకి అలవాటుపడ్డాయి. ఒక్క కెపాసిటర్ ఉబ్బినందుకు ఇంత పొడవు హుడ్‌ని చెత్తలో వేయడానికి నా మనసొప్పలేదు. ఆ రోజు వచ్చినప్పుడు గోడ మీది పెట్టెలో ఎల్ఈడీ డ్రైవర్ పెడతాను. దానికీ వేడీ తడీ పడవు, అందులోనూ అలాంటి కెపాసిటర్లే ఉంటాయి.

చోక్ లేబుల్ మీద టీసీ అని ఒక చుక్క గుర్తు, పక్కన 70 డిగ్రీలు అని ఉంది. ఆ చుక్క దగ్గర రేకు అంతకంటే వేడెక్కకూడదని అర్థం. ఆదివారం రాత్రి లైటు ఆరడానికి ముందు, ల్యాబ్ నుంచి తెచ్చిన, వేడి కొలిచే థర్మోకపుల్ పెట్టి చూస్తే 54 చూపించింది. పెట్టె తలుపు లోపలి వైపు మార్కర్‌తో తేదీ, ఆ 54 అంకె రాశాను. ఆర్నెల్లకోసారి కొలిచి కింద రాస్తాను. నెలకోసారి ఆర్‌సీసీబీ టెస్ట్ బటన్ నొక్కడం మా అబ్బాయి ఒప్పుకున్నాడు.

తీసిన రెండు ట్యూబులూ కొత్తవాటి అట్టపెట్టెలోనే భద్రంగా ఉన్నాయి. ఒక్కోదాంట్లో కొన్ని మిల్లీగ్రాముల పాదరసం ఉంటుంది కాబట్టి పగలకుండా ఈ-వ్యర్థాలు తీసుకునేవాళ్ళకే ఇస్తాను. ఉబ్బిన కెపాసిటర్‌తో సహా పాత చోక్‌ని మాత్రం ల్యాబ్‌కి తీసుకెళ్ళాను. వచ్చే వారం ట్యూబ్‌లైట్ ప్రయోగం ఉంది, పిల్లలకి చూపించాలి.